యాడ పెట్టినారు?

నవంబరు 2, సమాధుల పండుగ. ఆ రోజు కడపలో మా అమ్మ పొద్దున్నే బకెట్టు, చీపురు, సున్నం డబ్బా సర్దుకుంటుంది. పూలు, కొవ్వొత్తులు నేను తెస్తాను. వానలు పడి పోయాక సమాధుల మధ్య గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. నాయన మీద పరిచిన కడప బండ పైకి కనిపించదు. నేను వరసలు లెక్కపెట్టుకుంటూ వెతుకుతాను. అమ్మ నేరుగా పోయి అక్కడ నిలబడుతుంది.

పోయిన ఏడాది నాయన స్నేహితుడొకాయన వచ్చాడు. చావు కబురు ఆయనకు నాయన పోయినప్పుడే తెలుసు, దూరాన ఉండి రాలేకపోయాడు. గేటు దగ్గర అమ్మను చూసి అడిగిన మొదటి మాట, "యాడ పెట్టినారమ్మా?" "రా అన్నా, చూపిస్తా" అని అమ్మ ముందు నడిచింది. బండ దగ్గరికి పోయేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. అక్కడ ఆయన ఏడ్చాడు.

ఇంటికొచ్చి యోహాను సువార్త 11వ అధ్యాయం తీశాను. తాను ప్రేమించిన లాజరు చనిపోయాక అతని ఊరు బేతనియకు వచ్చి, "అతని నెక్కడ నుంచితిరి" అని ప్రభువు అడుగుతాడు. "ప్రభువా, వచ్చి చూడుము" అంటారు అక్కడున్నవాళ్లు. ఆ వెంటనే ఉన్న మాట, "యేసు కన్నీళ్లు విడిచెను."

అదే అధ్యాయంలో కొంచెం పైన, ఇంకా బేతనియకు రాకముందే, "లాజరు చనిపోయెను" అని శిష్యులకు చెప్పింది ఆయనే. వచ్చిన కబురులో జబ్బు సంగతే ఉంది, చావు సంగతి లేదు. చావు తెలిసినవాడికి సమాధి తెలియదా?

ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో థెమిస్తియుస్ అనే డీకన్, ఆయన వెంట ఉన్నవాళ్లు క్రీస్తుకు కొన్ని సంగతులు నిజంగానే తెలియవన్నారు. లాజరు సమాధి గురించిన ఈ ప్రశ్న, చివరి దినాన్ని కుమారుడు కూడా ఎరుగడనే మార్కు 13:32 వాళ్లకు ఆధారాలు. 600లో పోప్ గ్రెగొరీ అలెగ్జాండ్రియా సంఘానికి పెద్ద (పాట్రియార్కు) అయిన యులోగియుస్‌కు జవాబు రాశాడు. ఆ దినం ఆయనకు మానవ స్వభావంలో తెలుసు, కానీ మానవ స్వభావం నుంచి తెలియలేదు అన్నాడు. ఆ ఎరుక దైవత్వం నుంచి వచ్చిందని అర్థం. ఆ మాట వెనక 451లో బిషప్పులు కూడిన కల్సెదోను సభ ఉంది: క్రీస్తు ఒకే వ్యక్తి, ఆయనకు దైవ, మానవ స్వభావాలు రెండు, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు, విడిపోవు.

"ఆయనకు అన్నీ తెలుసు, ఊరికే పరీక్షించడానికి అడిగాడు" అని ప్రసంగాల్లో వింటుంటాం. రొట్టెలు ఎక్కడ కొందామని ఫిలిప్పును అడిగినప్పుడు అది పరీక్షేనని యోహానే రాశాడు. లాజరు దగ్గర ఆ మాట రాయలేదు. అందుకే ఇక్కడ ఆ జవాబుకు నా మనసు ఒప్పుకోదు.

పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ మొదట్లో క్రీస్తుకు అనుభవంతో సంపాదించుకున్న జ్ఞానం లేదనే రాశాడు. తర్వాత తన పెద్ద గ్రంథంలో, ముందు వేరేగా రాశానని ఒప్పుకుని, ఉందనే చెప్పాలన్నాడు. అంత పండితుడు తన మాట తానే దిద్దుకున్న ఆ చోటంటే నాకు చాలా ఇష్టం. అయితే ప్రభువు మనుషుల దగ్గర నేర్చుకున్నాడని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. నాకు లూకా 2:52 దగ్గర అలా ఆగిపోవడం కష్టం. బాల యేసు జ్ఞానంలో, వయసులో పెరిగాడని అక్కడ ఉంది. ఆ పెరగడంలో మరియమ్మ నేర్పిన మొదటి మాటలు లేవా? యోసేపు చేతిలో ఉలి పట్టుకునే తీరు చూసి నేర్చుకోలేదా?

దేవుడిగా ఆయనకు తెలియని సమాధి లేదు. అయినా ఆ రోజు బేతనియలో, ఏడ్చి ఏడ్చి అలసిపోయిన మనుషులు దారి చూపిస్తే వాళ్లతో నడిచాడు. ఆ నాలుగు అడుగులూ మా నాయన స్నేహితుడు అమ్మ వెనక నడిచినట్టే నడిచి ఉంటాడు.

ఈ ఏడాది బండ కడిగి, సున్నం పూసి, కొవ్వొత్తి వెలిగించాక, నాకు తెలిసిన ప్రార్థనలేవీ నోటికి రాలేదు. "ప్రభువా, వచ్చి చూడు" అన్నాను. పక్కన గడ్డి పీకుతున్న అమ్మ చెయ్యి ఆపి "ఆమేన్" అంది.