పాయింట్ మాస్టారి సెలెక్షన్

మన స్కూలు పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు గ్రూపులో "రెండు పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఏదో ఒకటి రాసి పంపీరా" అని పెట్టారు. పేజీలు నింపడానికే అడిగారని తెలిసినా రాస్తున్నాను. టెంకి గాడు ఎలాగూ హాస్టల్ పనసకాయ కథ రాసేస్తాడు కాబట్టి దాని జోలికి పోను.

నాకు స్కూలంటే పాయింట్ మాస్టారే. తొమ్మిదో క్లాసులో జిల్లా క్విజ్‌కి టీమ్ పంపాలంటే ఫస్ట్ ర్యాంకుల వాళ్ళ పేర్లు రాసి పంపించేస్తే అయిపోను కదా, ఈయన ఒప్పుకుంటేనా. లాస్ట్ బెల్ అయ్యాక సైన్స్ రూం వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేయించి, ఒకదాని మీద స్టీలు పళ్ళెం, గరిటె, రెండోదాని మీద ఎవరిదో సైకిల్ బెల్లు పెట్టేవారు, అవే మన బజర్లు. ప్రశ్న మధ్యలో కొట్టొచ్చు. కొట్టి తప్పు చెప్తే 5 మార్కులు కోత, మిగతా ప్రశ్న అవతలి బెంచీకి తీరిగ్గా చదివి వినిపించేవారు, అదింకా మంట.

ఆయన ప్రశ్నలూ అలాగే ఉండేవి. "సవర భాషకి వ్యాకరణం రాసినాయన..." అని మొదలెట్టి, కాస్త ఆగి, "పర్లాకిమిడిలో మాస్టారుగా చేసి..." అని, ఆఖర్న గానీ "మన పర్వతాలపేటలో పుట్టి, వాడుక భాష కోసం కొట్లాడి..." అనే చోటికి వచ్చేవారు కాదు. అక్కడిదాకా ఆగితే గిడుగు వారని గోడవతల ఐస్ అమ్మే తాత కూడా చెప్తాడు. ఆరోజు సవర అనగానే పళ్ళెం మోగింది, ఎవరు మోగించారో చెప్పక్కర్లేదు, ఇప్పుడావిడ తాసిల్దారు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి "ఏటే, అంత తొందరేటి నీకు" అని కసిరి, బోర్డు మీద మాత్రం 10కి బదులు 15 వేశారు.

జిల్లాలో ఏమైందో మీకందరికీ తెలుసు, మళ్ళీ తవ్వను.

తర్వాత ఇంటరూ ఇంజనీరింగూ, ఆమదాలవలసలో రైలెక్కడం, అవన్నీ అందరివీ ఒకటే. ఇప్పుడు అమెరికాలో మా చిన్నది వాళ్ళ స్కూల్ క్విజ్ టీములో ఆడుతోంది, శనివారాలు నన్ను స్కోర్ రాయడానికి కూర్చోబెడతారు. మొదటిరోజు రూల్స్ వింటే నవ్వాగలేదు. ముందే కొట్టి కరెక్ట్ చెప్తే 15, ఆఖరికి చెప్తే 10, మధ్యలో కొట్టి తప్పితే మైనస్ 5, ప్రశ్నలో కష్టమైన క్లూ ముందు, తేలికది చివర! ఎన్ఏక్యూటీ అనే సంస్థ ఆ ప్రశ్నలు తయారుచేస్తుంది, వాళ్ళ ప్రశ్నలతో జరిగే టోర్నమెంటులో పై 15 శాతంలో ఉంటే నేషనల్స్‌కి క్వాలిఫై అయినట్టే. అంటే 40 టీములొస్తే 6 వెళ్తాయి. ఒకచోట పోతే ఇంకోచోట ఆడుకోవచ్చు, ఏడాదంతా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి.

మాస్టారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని "మరి మన పిల్లలకి ఒక్కరోజు జొరమొస్తే ఏడాది పోయింది కదరా" అన్నారు. అన్నేళ్ళయినా ఆయన మర్చిపోలేదు చూశారా. ఆనక "మీ పాపకి చెప్పు, సగం విని కొట్టీయొద్దని" అన్నారు. ఆ కొట్టడం తనకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నేను చెప్పలేదు.

మా వాళ్ళు క్వాలిఫై అయ్యారు, చెప్పకుండా ఉండలేక చెప్తున్నాను. మే నెలాఖర్న అట్లాంటాలో. మొదట 10 మ్యాచులు, 6 గెలిస్తే ప్లేఆఫ్స్. హోటల్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, కుంకుడుకాయ గాడు అక్కడే ఎక్కడో ఇల్లు కొన్నాడని విన్నాను, ఎవరి దగ్గరైనా వాడి నంబరుంటే గ్రూపులో పెట్టండి.