రక్తం తగ్గింది నాకు కాదు, కడుపులో పాపకు

మా పెద్దాడికి జ్వరం తగ్గాక రెండు బుగ్గలూ చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడ్డాయి. వాడి క్లాసులో ఇంకొందరు పిల్లలదీ అదే వరస. కొన్నాళ్లకు నాకు వేళ్ల కీళ్లు పట్టేశాయి. అప్పుడు నాకు ఐదో నెల. ఈ రెండు సంగతులూ విని డాక్టరమ్మ వెంటనే, పిల్లలకు అలా బుగ్గలు ఎర్రబడేలా చేసే పార్వోవైరస్ బి19 పరీక్ష రాశారు. ఐజీఎం పాజిటివ్ వచ్చింది, అంటే ఆ వైరస్ నాకు ఈమధ్యే సోకిందన్నమాట.

పిల్లల్లో దానంతట అదే తగ్గిపోయే జబ్బే ఇది. కడుపులో బిడ్డకు సోకితే మాత్రం ఎర్ర రక్తకణాలు తయారుచేసే కణాల మీదే పడుతుంది. అందరు బిడ్డలకూ సోకదట. అయినా వారం వారం డాప్లర్ స్కాన్ తప్పదన్నారు. బిడ్డ మెదడులోని ఒక ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతోందో అందులో చూస్తారు. రక్తం పలచబడితే వేగం పెరుగుతుంది. ఆ వారానికి ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు దాటితే రక్తహీనత గట్టిగా ఉన్నట్టే. మాకు ఒక స్కాన్‌లో అదీ దాటింది, పాప పొట్టలో నీరూ కనిపించింది.

'రక్తం తక్కువ' అన్న మాట ఇంట్లో పడగానే అత్తయ్య దానిమ్మకాయలు, అమ్మ బీట్‌రూట్ జ్యూస్, పక్కింటావిడ ఖర్జూరాలు! నా హిమోగ్లోబిన్ బాగానే ఉంది మొర్రో అన్నా వినేవాళ్లేరీ? ఇక్కడ లోటు ఐరన్‌ది కాదు, పాప ఒంట్లో కణాలు తయారవడమే ఆగింది. బయటి నుంచి రక్తం ఎక్కించడమే మార్గం, అదీ కడుపులో ఉండగానే.

ఓ నెగెటివ్ రక్తం, నా రక్తంతో సరిచూసి, రేడియేషన్ ఇచ్చి, బాగా చిక్కగా సిద్ధం చేసింది కావాలి. దాని కోసం మావారు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. టేబుల్ మీద నాకు మెలకువగానే ఉంది. పొట్ట మీద మత్తు సూది వేసి, స్కాన్‌లో చూస్తూ సన్నటి పొడవాటి సూదిని బొడ్డుతాడు సిరలోకి దించారు. పాప కదలకుండా దానికీ ఒక మందు ఇచ్చారు. ముందు కాస్త రక్తం తీసి పరీక్షించారు. తర్వాత సిరంజితో మెల్లగా ఎక్కిస్తుంటే తెరమీద తెల్లటి మెరుపుల్లా లోపలికి పోవడం నాకూ కనిపించింది. నొప్పికంటే, కదలకూడదన్న భయమే ఎక్కువ.

రెండోసారి అవసరం పడలేదు. తల్లీబిడ్డల రక్తం గ్రూపులో ఆర్‌హెచ్ (పాజిటివ్, నెగెటివ్) తేడా వల్ల వచ్చిన రక్తహీనత అయితే మళ్లీ మళ్లీ ఎక్కించాల్సి వస్తుందట. ఇది వైరస్ కాబట్టి, దాని జోరు తగ్గాక పాప ఒళ్లే మళ్లీ కణాలు తయారుచేసుకుంటుందన్నారు. పొట్టలో నీరు మెల్లగా తగ్గింది. స్కాన్లు మాత్రం ఆపలేదు. నెలలు నిండాకే పుట్టింది. పుట్టగానే చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ మామూలుగానే ఉంది.