సోమశిలలో లాంచీ కదలని బుధవారం

కొల్లాపూర్ బస్టాండులో ఆటోవాళ్లతో బేరం ఎవరైనా ఆడవచ్చు, గెలవడమే కష్టం. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డునున్న సోమశిల మహా అయితే పది కిలోమీటర్లు. నాలుగు వందలన్నాడు. తెల్లవారుజామున నల్గొండలో బయలుదేరి దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు మీదుగా బస్సులు మారుతూ వచ్చిన నాకు టికెట్లన్నిటికీ అయిన డబ్బు ఇంచుమించు అంతే. ఆ మాటే అన్నాను. అతనికి కోపం రాలేదు. "ఆదివారం రండి సార్, మనిషికి ముప్పై ఇచ్చి ఎక్కండి. ఇవాళ బుధవారం. మిమ్మల్ని దింపి నేను ఖాళీగా రావాలి. ఆ డీజిలు డబ్బులు ఎవరిస్తారు?" అన్నాడు. చివరికి మూడు వందలకు కుదిరింది. దారి పొడవునా మామిడి తోటలు చూపిస్తూ ఏ తోట కాపు ఏ రేటుకు పోయిందో చెబుతూనే ఉన్నాడు. కొల్లాపూర్ మామిడికి ఉన్న పేరులో తనకూ వాటా ఉన్నట్టు.

నేను వెళ్లింది శ్రీశైలం లాంచీ కోసం. నల్లమల కొండల నడుమ కృష్ణలో దాదాపు రోజంతా సాగే ప్రయాణం అది. ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు, నీరు ఆ దరిదాపుల్లో ఉంటేనే లాంచీ తిరుగుతుంది. అందుకే దసరా దాటాక, నది నిండుగా ఉందని కనుక్కుని మరీ వెళ్లాను. నీరుంది, లాంచీ ఉంది, దాన్ని నడిపే సరంగు ఉన్నాడు. జనం లేరు.

టికెట్ల కిటికీ వెనక కుర్రాడు రిజిస్టరు తిరగేసి, "ఇప్పటికి మీతో కలిపి ఎనిమిది మంది. ముప్పై అయినా లేకపోతే తీయరు సార్" అన్నాడు. ఆ ఎనిమిది మందిమి మెట్ల మీద కూర్చున్నాం. వనపర్తి నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ల పాప. శ్రీశైల మల్లన్న దర్శనానికి లాంచీలో వెళ్లాలని ముచ్చటపడి వచ్చిన వృద్ధ దంపతులు. మహబూబ్‌నగర్ డిగ్రీ కుర్రాళ్లు ఇద్దరు. ఈ కుర్రాళ్లు ఫోనులో ఎవరో పెట్టిన 'మన మాల్దీవులు' వీడియో చూసి వచ్చారట. ఆ వీడియోలో ఉన్నది ఈ ఒడ్డేనా అని నన్నే అడిగారు. గుడి గురించి, ఘాట్ల గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రాయను. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తాయని పాత గుళ్లను విప్పి పైకి తెచ్చి నిలబెట్టారన్న సంగతి మాత్రం గుర్తుంచుకుంటే, ఈ నీటి వైపు చూసే చూపు కాస్త మారుతుంది.

పదకొండింటికి కిటికీ మూసేశారు.

నాకు ఒళ్లు మండింది. ముందు రోజు ఫోను చేస్తే రమ్మన్నారు, ముప్పై మంది లెక్క చెప్పలేదు. ఆ కోపమంతా, పాపం, ఇంజను దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న సరంగు మీద చూపించాను. అరవై దాటిన మనిషి. అంతా విని, బీడీ వెలిగించుకుని, "మీకు కోపం రావడం న్యాయమే. కానీ ముగ్గురెక్కినా మూడు పదులెక్కినా ఈ ఇంజను తాగేది ఒకటే. నా జీతమూ ఒకటే. చేప అమ్ముడుపోకపోతే ఉప్పు పట్టించి ఎండబెట్టుకుంటాం సార్. నిన్న మిగిలిపోయిన సీటును ఏం చేసుకుంటాం?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను నది, కొండ, గుడి ఉంటే చాలు, పర్యాటకం దానంతటదే నడుస్తుందని అనుకునేవాణ్ణి. నది ఎవరూ తయారు చేసింది కాదు, దానికి నష్టమూ లేదు. కాని నది దాకా తెచ్చే ఆటో, నదిలో తిప్పే లాంచీ, రాత్రి పడుకునే గది, అన్నం వండే మనిషి, వీళ్లంతా జనం వచ్చినా రాకపోయినా ఉండాలి. జనం రాని రోజు ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. ఆ ఎవరో ఒకరు సాధారణంగా సరంగో ఆటో అతనో అవుతారు, లేదా శనివారం వచ్చిన మనం అవుతాం.

స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం వంటి చోట్లను కలిపి కేంద్రం 91 కోట్లకు పైగా మంజూరు చేసింది. కట్టడానికి డబ్బు ఒకసారి ఇస్తే సరిపోతుంది. తెరిచి ఉంచడానికి రోజూ కావాలి. నేను దిగిన చోట గది కొత్తది, కిటికీ తీస్తే నది, ఏసీ కూడా పనిచేసింది. భోజనం మాత్రం లేదు. వంటమనిషి శుక్రవారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోతాడట. "మిగతా రోజులు ఎవరికి వండాలి సార్? ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వలేం" అన్నాడు గుమస్తా. బుధవారం పద్నాలుగు వందలకు ఇచ్చిన ఆ గదే శనివారం రెండున్నర వేలు. ఈ లెక్క కూడా ఇష్టం లేకపోయినా అర్థమైంది.

అర్థం కానిది మరుగుదొడ్డి తాళం. ఘాటు పక్కన పలకలు వేసి, రంగులు కొట్టి కట్టిన గదులకు తాళం. చెవి టెండరు పాడినాయన దగ్గరుందట, ఆయన కొల్లాపూర్‌లో ఉన్నాడట. శ్రీశైలం వెళ్దామని వచ్చిన పెద్దావిడ మెట్లెక్కలేక, చెట్ల చాటుకు పోలేక పడ్డ అవస్థ చూశాక, ఇక్కడ సరంగు లెక్క చెల్లదని నాకనిపించింది. ఒక్క తాళం తీసి ఉంచడానికి ముప్పై మంది అక్కర్లేదు.

ఆకలి వేసి రేకుల పాక దగ్గరికి వెళితే, చేపల వేపుడు బోర్డు ఉంది, పెనం చల్లగా ఉంది. "ఇప్పుడు చెబితే గంట పడుతుంది తమ్ముడూ" అందావిడ. గంట కూర్చున్నాను, విసుగు రాలేదు. ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలర్ల దగ్గరికి పిల్లవాణ్ణి పంపి బొచ్చె చేప తెప్పించింది. కత్తిపీట మీద తోక వైపు నుంచి తల వైపుకు పొలుసు గీకితే అద్దం ముక్కల్లా ఎగిరిపడింది. కళ్లుప్పు, పసుపు వేసి మూడు నీళ్లు కడిగి, మందంగా ముక్కలు కోసి, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి పక్కన పెట్టింది. కట్టెల పొయ్యి మీద పెనం పొగలు కక్కేదాకా ముక్క వేయలేదు. ముక్క తిరగేయడానికి తొందరపడలేదు కూడా, అంచు ఎర్రబడి దానంతటది పెనం వదిలాకే తిప్పింది.

"ముందే కొంత వండి పెట్టుకోవచ్చు కదా అక్కా?" అన్నాను.

"ఒకసారి పెట్టుకున్నాను. వాన పట్టుకుంది, ఒక్కరూ రాలేదు. ఆరు కిలోలు. రెండు రోజులు ఇంటిల్లిపాదీ అదే తిన్నాం." కాసేపాగి నవ్వింది. "జనం వస్తే మాత్రం? కార్తీకంలో ఈ మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. అందరూ స్నానాలకు వచ్చినవాళ్లే, చేప పేరెత్తితే చెవులు మూసుకుంటారు. ఆ నెలంతా మిర్చి బజ్జీలు వేస్తాను."

మా నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. డ్యామ్ 26 గేట్లు ఎత్తారని వార్త వస్తే చాలు, హైదరాబాద్ సగం దిగుతుంది. మొక్కజొన్న పొత్తు ధర పొద్దున్నకీ సాయంత్రానికీ రెట్టింపవుతుంది, కారు ఆపడానికి చోటుండదు. గేట్లు దించిన మర్నాడు వెళితే అదే పొత్తుల ఆవిడ కునుకు తీస్తూ కనిపిస్తుంది. చిన్నప్పుడు బడి పిల్లలం నాగార్జునకొండకు వెళ్లినప్పుడు లాంచీ మా కోసం ఆగిందని మురిసిపోయాం. నిజానికి మేము ఒక్క దెబ్బకు లాంచీ నింపాం, అందుకే అది కదిలింది.

సాయంత్రం మా ఎనిమిది మందిమీ చందా వేసుకుని ఒక మరబోటు మాట్లాడుకున్నాం, గంటకు పదిహేను వందలు. లైఫ్ జాకెట్లు తడి వాసన కొడుతున్నాయి, నా దానికి ఒక కొక్కెం లేదు. వద్దని విదిలించబోయిన కుర్రాళ్లను పడవ అతను గట్టిగానే అదిలించాడు. 2007లో ఈ నీళ్లలోనే పడవ మునిగి 60 మందికి పైగా పోయారు, ఆ సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. జాకెట్ తొడిగితే గానీ తాడు విప్పలేదు.

అవతలి గట్టు నంద్యాల జిల్లా. అటువైపు చేయి చాపి, సంగమేశ్వరం గుడి ఇప్పుడు నీళ్ల కింద ఉందని చూపించాడు. ఎండాకాలం మట్టం బాగా తగ్గితే గాని గుడి బయటపడదు. అప్పటికి లాంచీకి నీళ్లుండవు. అంటే శ్రీశైలం లాంచీ, సంగమేశ్వరం దర్శనం ఒకే నెలలో దొరకవు. ఇక్కడ ఏది ఎప్పుడు అమ్మాలో నీటి మట్టమే చెబుతుంది, ఎవరి ప్రచార పత్రమూ కాదు. సోమశిల నుంచి అవతలి గట్టునున్న సిద్ధేశ్వరానికి వంతెనను కేంద్రం 2022లో మంజూరు చేసింది, ఖర్చు వెయ్యి కోట్ల పైమాటే. వంతెన వస్తే రెండు రాష్ట్రాల కార్లూ వస్తాయని గుమస్తా ఆశ. "కార్లొస్తాయి, నిజమే. పడవెక్కాల్సిన అవసరం ఎవరికుంటుంది?" అన్నాడు పడవ అతను. సెల్ఫీ కోసం లేచి నిలబడిన కుర్రాణ్ణి మళ్లీ కూర్చోమన్నాడు.

వృద్ధ దంపతులు మర్నాడు అచ్చంపేట మీదుగా బస్సులో శ్రీశైలం వెళ్లారు. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. లాంచీ ఎక్కాలంటే శనివారం వెళ్లండి, గది రేటుకు గొణుక్కోండి, ఎక్కండి. నది ఒక్కటే చాలనుకుంటే బుధవారం మంచిది, అన్నం మాత్రం కట్టుకెళ్లాలి. చేప కావాలంటే పొద్దున పదిలోపు ఆవిడకు ఫోను చేయాలి. నంబరు పాక గోడ మీద సుద్దతో రాసి ఉంది. చివరి రెండు అంకెలు వానకు పోయాయి, పక్క టీ కొట్టులో అడిగితే చెబుతారు.