మూసి పెట్టమన్నది నేనే

పదకొండున్నర. లైటు తీసేయమని ఆవిడ రెండుసార్లు చెప్పింది. పొద్దున పెసరట్లు బాగా కుదిరాయి, చిన్నదానికి లెక్కల్లో మార్కులొచ్చాయి. అవి రేపు రాసుకుంటా. ఇది మాత్రం ఇప్పుడే దింపుకోవాలి.

కూలింగ్ వాటర్ లైన్లో కొత్త బటర్‌ఫ్లై వాల్వ్ వేశాం, పదంగుళాలది. మధ్యాహ్నం నీళ్ళు వదిలి లైను ఛార్జ్ చేస్తే పాసింగ్. చక్రం చివరిదాకా తిప్పినా నీళ్ళు ఆగవు. విప్పి చూస్తే రబ్బరు సీటు, అదే మూసినప్పుడు పలక ఆనుకునే చుట్టు, ఒకచోట నలిగి చిరిగింది. మన కుర్రాడు డిస్కు, అంటే ఆ పలక, పూర్తిగా మూసి ఉండగానే ఫ్లాంజ్ (గొట్టం చివరుండే వెడల్పాటి అంచు) బోల్టులు బిగించేశాడు. బిగించేటప్పుడు రబ్బరు లోపలికి ఉబ్బుతుంది. అక్కడ డిస్కు అంచు అడ్డంగా కూర్చుంటే అదెక్కడికి పోతుంది? ఇంత చిన్న విషయం తెలీదా అని వాడి మీద పీకల్దాకా కోపం.

సాయంత్రం మీటింగులో పెద్దాయన అందుకున్నారు. "బటర్‌ఫ్లై అంటేనే చవక సరుకయ్యా, గేట్ వాల్వ్ వేసుంటే ఈ గొడవుండేదా?" ఒళ్ళు మండింది. గేట్ వాల్వంటే పలక పైకి లేచి తెరుచుకునేది. ఆ సైజుది ఎత్తాలంటే చైన్ బ్లాక్, అదే గొలుసు కప్పీ, కట్టాలి, మూయాలంటే తిప్పీ తిప్పీ భుజాలు పోవాలి. ఇదైతే ఇద్దరం మోసుకెళ్ళి రెండు ఫ్లాంజుల మధ్య దూర్చేశాం. గొట్టం మధ్యలో ఒక గుండ్రటి పలక, దానికో షాఫ్టు. పావు చుట్టు తిరిగితే నీటికి అడ్డం, పావు చుట్టు వెనక్కొస్తే నీటి వాలుకి. ఆయన నడిపే పెట్రోలు కారులో ఇంజనుకి గాలి వదిలేదీ ఇలాంటి పలకే, ఆ సంగతి చెబుదామనుకుని మింగేశాను.

సరే, ఆయన మాటలో కొంత లేకపోలేదు. ఎంత తెరిచినా పలక నీటి దారిలోనే ఉంటుంది, గేటులా పూర్తిగా తప్పుకోదు. ఆవిరి లైన్లో ఈ రబ్బరు సీటు పనికిరాదు, లోహపు సీటున్న ట్రిపుల్ ఆఫ్‌సెట్ రకం కావాలి. నూనె పారే చోట ఈపీడీఎం రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరు అడగాలి. కానీ మాది చల్లటి నీళ్ళ లైను మహాప్రభో!

టేబుల్ మీద ఆ పాత ప్రెషర్ గేజ్, ఒత్తిడి చూపించేది, ఉంది కదా, చిన్నది ఆగిపోయిన గడియారం అనుకునేదే, అదే. నేను హెల్పర్‌గా చేరిన మూడో నెల. ఆరంగుళాల లైను, గేర్ బాక్స్ లేని లివర్ వాల్వ్. "ఆపెయ్" అని ఎవరో అరిస్తే లివర్ని ఒక్క ఊపులో అడ్డంగా లాగేశాను. పరుగెత్తే నీటిని అంత హఠాత్తుగా ఆపితే తంతుంది. ఢామ్మని చప్పుడు, లైనంతా అదిరింది, క్లాంపు ఒకటి ఊడింది, గేజ్ ముల్లు చివరికంటా కొట్టుకుని అక్కడే వంగిపోయింది. మేస్త్రీగారు పరుగున వచ్చారు. తల వంచుకుని నిలబడ్డాను. వెనకాలే వచ్చిన ఇంజనీరుతో ఆయన, "నెమ్మదిగా మూయాలని నేను చెప్పలేదండీ" అన్నారు. నిజానికి చెప్పారు, రెండుసార్లు. తర్వాత ఆ గేజ్ విప్పి నా చేతిలో పెట్టి "ఇంటికి పట్టుకుపో" అన్నారు.

ఇందాక అన్నం తింటుంటే గుర్తొచ్చింది. ఈ వాల్వ్ ఒళ్ళు సన్నం, తెరిచి ఉంటే పలక బయటికి పొడుచుకొచ్చి ఫ్లాంజుల మధ్యకి దూరదు. అందుకే "మూసి పెట్టరా" అన్నది నేనే. మధ్యకి సరిచూసుకుని, పలక తెరిచి, అప్పుడు బోల్టులు ఎదురెదురుగా బిగించాలన్న మిగతా సగం చెప్పేలోపు ఫోనొస్తే వెళ్ళిపోయాను. మీటింగులో వాడు తల వంచుకుని నిలబడితే నేను గేట్ వాల్వ్ బరువు గురించి వాదిస్తున్నాను.

ఆ చిరిగిన సీటు పారేయొద్దని ఇప్పుడే వాడికి మెసేజ్ పెట్టాను. ఇంకా పడుకోలేదు కాబోలు, "ఎందుకు సార్?" అని వెంటనే వచ్చింది. రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను.