టేబుల్ దొరికిన గంటలు

మా అక్క కూతురు స్నూకర్ ఆడుతుందని చెప్తే బంధువుల్లో ఎక్కువమంది అడిగేది "అక్కడికి ఆడపిల్లలు వస్తారా?" అని. ఎలా ఆడుతోంది, ఎంత బ్రేక్ చేసింది (ఒకే విడతలో ఎన్ని పాయింట్లు తెచ్చింది) అని అడిగినవాళ్ళను ఈ నాలుగేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళను తప్పుపట్టలేను. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి స్కూటీ మీద పది నిమిషాల దూరంలో, ఒక భవనం రెండో అంతస్తులో ఉన్న పార్లర్‌కు ఆమెను మొదటిసారి తీసుకువెళ్ళింది నేనే. మెట్ల దగ్గరే సిగరెట్ వాసన తగిలేసరికి, ఈ పిల్లను ఇంటికి తీసుకుపోదామా అని నేనూ కాసేపు ఆగిపోయాను.

ఆ రోజు వెనక్కి రాకపోవడమే మంచిదయింది. స్నూకర్ టేబుల్ పన్నెండు అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు ఉంటుంది. 15 ఎర్ర బంతులు, 6 రంగు బంతులు. ఎర్ర బంతికి ఒక పాయింటు, రంగు బంతుల్లో పసుపుకు 2 మొదలుకొని నలుపుకు 7 వరకు పాయింట్లు. అన్నీ కుదిరితే ఒకే విడతలో 147 చేయవచ్చు. బంతిని పాకెట్‌లో వేయడం ఇందులో సగం పనే. అది పడ్డాక, మనం కర్రతో కొట్టే తెల్ల బంతి తర్వాతి దెబ్బకు అనువైన చోట ఆగాలి. గడ్డాన్ని క్యూకు, అంటే ఆ కర్రకు, ఆనించి, ముంజేయి తప్ప ఒళ్ళంతా కదలకుండా నిలిపి కొట్టే ఆ దెబ్బను మా అమ్మాయి రోజుకు కొన్ని వందల సార్లు సాధన చేస్తుంది. కండబలంతో దీనికి పెద్దగా పని లేదు. ప్రొఫెషనల్ టూర్‌లో ఆడవాళ్ళు ఆడకూడదన్న నియమమేదీ లేదు. ఇంగ్లండ్‌కు చెందిన రియాన్ ఎవాన్స్, హాంకాంగ్‌కు చెందిన ఎంగ్ ఆన్ యీ 2021లో మగవాళ్ళతో కలిసి ఆడే ఆ టూర్‌లో రెండేళ్ళపాటు స్థానం పొందారు. అయినా ఈ ఆటలో ఆడవాళ్ళు ఇంత తక్కువగా ఉన్నారంటే, నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పెద్ద కారణం వాళ్ళకు టేబుల్ మీద గంటలు దొరకకపోవడమే.

చదరంగం బల్లను ఇంట్లో, మంచం మీదైనా పరుచుకోవచ్చు. స్నూకర్ టేబుల్ గుడ్డ కింద పలకరాయి ఉంటుంది; మొత్తం బరువు టన్ను దాటుతుంది. అపార్ట్‌మెంట్లో అటువంటిది పెట్టుకునే ఆలోచన ఎవరూ చేయరు కాబట్టి పార్లరో, క్లబ్బో శరణ్యం. ఊళ్ళో ఒక క్లబ్బులో అడిగితే, ఆడవాళ్ళు బిలియర్డ్స్ గదిలోకి రావడం తమ దగ్గర అలవాటు లేదని మర్యాదగానే చెప్పి పంపించారు. పార్లర్‌లో అటువంటి అడ్డు లేదు గాని, అక్కడ ఆట అసలు ఊపందుకునేది రాత్రి ఏడు తర్వాతే. తమకన్నా బాగా ఆడేవాళ్ళతో పది, పదకొండు దాకా ఫ్రేము (ఒక ఆట) మీద ఫ్రేము ఆడుతూ, ఓడిపోతూ, పక్కన నిలబడి చూస్తూ మగపిల్లలు ఆట నేర్చుకుంటారు. మా అమ్మాయి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. ఆమెతో సమానంగా మొదలుపెట్టిన కుర్రాడికి ఏడాది తిరిగేసరికి ఆమెకన్నా రెండింతల అనుభవం వచ్చిందంటే, ఆ తేడా ప్రతిభలో లేదు.

దారి చూపించింది అక్కడి మార్కర్. స్కోరు రాస్తూ, బంతులు పేరుస్తూ జీవితమంతా ఆ టేబుళ్ళ మధ్యే గడిపిన పెద్దాయన. "పాపా, బంతి పడిందా లేదా అని చూడకు, తెల్లది ఎక్కడ ఆగిందో చూడు" అని ఆయన మొదటి వారంలో చెప్పిన మాటను ఆమె ఇప్పటికీ తలుచుకుంటుంది. యజమానితో మాట్లాడి, పొద్దున ఏడింటికి తలుపు తీసే ఏర్పాటు ఆయనే చేశారు. కాలేజీకి వెళ్ళే లోపు రెండు గంటలు. ఎదురు ఆడేవాళ్ళుండరు, ఒంటరి సాధనే.

ఒంటరి సాధన ఎంతవరకు పనికివస్తుందో మొదటి పెద్ద పోటీలో తెలిసింది. టేబుల్ మీది ఉన్ని గుడ్డకు నూగు ఉంటుంది. అది ఆట మొదలుపెట్టే బాక్ వైపు నుంచి నల్ల బంతి వైపుకు వాలి ఉంటుంది కాబట్టి, నెమ్మదిగా వెళ్ళే బంతి దాని వాటాన్ని బట్టి దారి మళ్ళుతుంది. గాలిలో తేమ పట్టినా, గుడ్డ పాతబడినా బంతి వేగం తగ్గిపోతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి వానాకాలంలో, ఏసీ సరిగా పనిచేయని గదిలో, అరిగిన గుడ్డ మీద ఆమె చేయి అలవాటుపడింది. పోటీలో కొత్త గుడ్డ, పొడి గాలి. మా పార్లర్‌లో అచ్చంగా కుదిరిన బలంతో కొడితే తెల్ల బంతి ఆగవలసిన చోటు దాటి రెండడుగులు పోయింది. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. "పిన్నీ, నేను తప్పుగా కొట్టలేదు, టేబులే వేరు" అని తిరుగు రైల్లో అన్నది. అది సాకు కాదని నాకు తెలుసు, ఆమె ముఖం చూసి బదులు చెప్పలేకపోయాను.

ఆమె గదిలో గోడకు రెండు వార్తల కత్తిరింపులు ఉన్నాయి. 2017లో సింగపూర్‌లో జరిగిన మహిళల ప్రపంచ పోటీ ఫైనల్లో మన దేశానికి చెందిన విద్యా పిళ్ళై ఎంగ్ ఆన్ యీ చేతిలో 6-5 తేడాతో, ఒక్క ఫ్రేములో ఓడిపోయారు. 2025 నవంబరులో దోహాలో జరిగిన ఐబీఎస్ఎఫ్ (అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య) మహిళల ప్రపంచ స్నూకర్ ఫైనల్లో చెన్నైకి చెందిన అనుపమా రామచంద్రన్ అదే ఎంగ్ ఆన్ యీని 3-2 తేడాతో ఓడించారు. గెలుపు వార్త పక్కన ఓటమి వార్త ఎందుకని అడిగితే, ఆ ఒక్క ఫ్రేము దాకా వెళ్ళడం ఎంత కష్టమో తనకు తెలుసునని చెప్పింది.

బతుకుతెరువు సంగతి మా బావగారు తరచు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. పంకజ్ అద్వానీకి ఓఎన్‌జీసీ ఉద్యోగం ఉందంటే, అది ప్రపంచ టైటిళ్ళ తర్వాతి మాట. ఇంగ్లండ్ ప్రపంచ విజేత అలిసన్ ఫిషర్ అంతటి ఆమె 1995లో స్నూకర్ వదిలి, అమెరికా వెళ్ళి పూల్‌లో స్థిరపడ్డారు. మా ఊరి జ్యోతి సురేఖ ఆడే కాంపౌండ్ విలువిద్య కూడా ఇన్నాళ్ళూ ఒలింపిక్స్‌లో లేదు. 2028లో మిశ్రమ జట్టు విభాగంగా మొదటిసారి చేరుతోంది. అది లేనప్పుడే ఆమె ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారని మా అమ్మాయి వాళ్ళ నాన్నతో వాదిస్తుంది. చివరికి వాళ్ళిద్దరికీ ఒప్పందం కుదిరింది: బీకాం పూర్తిచేయాలి, అప్పటిదాకా పోటీలకు అడ్డు చెప్పకూడదు.

ఇప్పుడు నెలకోసారి పినాకిని రైల్లో చెన్నై వెళ్తున్నాం. అక్కడ మంచి గుడ్డ వేసిన టేబుల్ ఉన్న ఒక చోట, ఆడవాళ్ళు కూడా వచ్చి ఆడే వేళల్లో, మూడు రోజులకు పన్నెండు గంటలు మాట్లాడుకున్నాం. నేను మూలన కుర్చీలో కూర్చుని, ఆమె చెప్పినట్టు, తెల్ల బంతి ప్రతిసారీ ఎక్కడ ఆగిందో నోటు పుస్తకంలో గుర్తు పెడుతున్నాను.