గోనెపట్టా మీద తాహితి

బోస్టన్‌లో పది రోజులున్నా నాకు మిగిలింది ఒక్క గోడే. గ్రీన్ లైన్ రైలెక్కి మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ దగ్గర దిగాం. టికెట్ మనిషికి మన లెక్కన రెండు వేల పైచిలుకు! ఆ డబ్బుతో నెల్లిమర్ల నుంచి హైదరాబాద్ వెళ్ళి సాలార్‌జంగ్ చూసి తిరిగి రావచ్చు. "ఇక్కడ రూపాయల్లోకి మార్చి చూడకు నాన్నా" అంది అమ్మాయి. అది కష్టపడి తెచ్చిన డబ్బు మరి, ఎలా మార్చకుండా ఉంటాను?

1936 నుంచి అక్కడే ఉన్న ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్ బొమ్మ అది. పేరు ‘మనం ఎక్కడి నుంచి వచ్చాం? మనమెవరం? ఎక్కడికి పోతున్నాం?’ 1897-98లో పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవిలో వేశాడు. పన్నెండడుగుల పైనే పొడవు. నేను మన రాతలాగే ఎడమ నుంచి మొదలుపెట్టాను. చేతులు చెంపలకు ఆనించుకుని కూర్చున్న ముసలావిడ, దగ్గర్లో బల్లిని కాలితో పట్టుకున్న తెల్లపిట్ట, వెనకగా నీలం విగ్రహం. దీన్ని కుడి నుంచి చూడాలని అమ్మాయి చెప్పింది. ఆ చివర పసిబిడ్డ. నడుమ చేతులెత్తి పండు కోస్తున్న మనిషి.

దగ్గరికెళ్ళాక కాళ్ళు ఆగిపోయాయి. రంగు కింద నేత కనబడుతోంది. అది గోనె! ముతక నార, ఉండలు అలాగే ఉన్నాయి. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేశాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా నార ధూళే. తెగిన పోగు ముడేసిన చోట నా వేలు పెట్టించి, "మంచి గుడ్డలో ఇది తగలకూడదురా" అనేవాడు.

1897లోనే గోగాన్‌కు కూతురు ఆలీన్ పోయిందని ఉత్తరం వచ్చింది. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బాగోలేదు. ఈ బొమ్మ వేశాక విషం మింగానని స్నేహితుడికి రాశాడు. నా కూతురి పక్కన నిలబడి ఇదంతా విన్నాను, గుండె పట్టేసింది. కానీ అదే మనిషి తాహితిలో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలతో కాపురం పెట్టాడు. ఆ సంగతి తెలిశాక బొమ్మలోని ఆడపిల్లల కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాను. జాలి పోలేదు, కోపమూ పోలేదు.

ఇంకాస్త వంగబోతే కాపలా ఆయన వెనక్కి జరగమని చెయ్యి చూపించాడు. జరిగితే నార మాయమైపోయింది, పసుప్పచ్చని ఒళ్ళూ నీలం అడవీ మిగిలాయి. మిగతా గదులు చూద్దామంది అమ్మాయి. నువ్వెళ్ళు, వస్తానన్నాను. అది వెళ్ళాక మళ్ళీ గీత దాకా వెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్క ముడి కోసం వెతికాను. దొరికింది.