న్యూజెర్సీలో ఒక అచ్చుగది

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళంతా నయాగరా గురించి రాస్తారు. నేనూ చూశాను, ఫోటోలు దిగాను, అంతే. నేను రాయాలనుకున్నది న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళ పక్క ఊళ్ళో, ఒక కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ కింది అంతస్తులో ఉన్న అచ్చుగది గురించి.

ముందు బస్సు సంగతి చెప్పాలి. కూతురూ అల్లుడూ ఆఫీసుకు వెళ్ళిపోతే, కారు నడపడం రాని మనిషి అక్కడ గడప దాటాలంటే బస్సే గతి. అదీ గంటకొకటి. స్టాపులో నీడ లేదు, కూర్చోడానికి బల్ల లేదు. తీరా వచ్చిన బస్సులో చిల్లర ఇవ్వరట! నా ఐదు డాలర్ల నోటు పెట్టెలో పడిపోయింది, డ్రైవరు నా వైపు తిరిగి కూడా చూడలేదు. తిరుపతి బస్సులో కండక్టరు టికెట్టు వెనక చిల్లర రాసిచ్చినా, దిగేటప్పుడు నిలదీసి తీసుకోవచ్చు. ఆ నోటును రూపాయల్లోకి మార్చి చూసుకుని దారంతా బాధపడ్డాను.

సెంటర్ ఒక పాత బడి భవనంలో ఉంది. పై అంతస్తులో కుండల చక్రాలు, నీటిరంగుల క్లాసులు. కిందికి మెట్లు దిగుతుంటే వాసన ముందే తెలిసిపోయింది. సిరా, ఇనుము, తడి కాగితం. చిత్తూరులో నాయన అచ్చాఫీసులో పెరిగిన దాన్ని, ఆ వాసన నాకు ఇంకొకరు చెప్పాలా? ఆ అచ్చాఫీసులో శుభలేఖలు, జాతర కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు వేసేవాళ్ళం. స్కూలు నుంచి రాగానే శుభలేఖలు మడిచి మూలలకు పసుపు పెట్టడం నా పని. సీసపు అక్షరాలు అక్కర్లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక, నాయన కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మెషీన్ని పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేశారు. టైపు, అంటే ఆ సీసపు అక్షరాలు, సీసం ధరకు పోయింది, కిలోల లెక్కన.

ఇక్కడ అలాంటి మెషీన్లు నడుస్తున్నాయి. షికాగోలో తయారైన వాండర్‌కుక్ ప్రూఫ్ ప్రెస్సు గోడవారగా ఉంది. పెద్ద అచ్చాఫీసుల్లో ప్రూఫులు, అంటే తప్పులు చూసుకునే నమూనా కాగితాలు, తీయడానికే చేసిన యంత్రమది. ఆఫ్‌సెట్ వచ్చాక దానికి పని పోతే, కళాకారులు దక్కించుకున్నారు. పక్కన టైపు కేసుల (అక్షరానికో చిన్న గది ఉన్న పళ్ళేల) బీరువా, రాగిరేకులు అచ్చేసే ఎచింగ్ ప్రెస్సు, పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సులు. ఒక హైస్కూలు కుర్రాడు, ఒక నర్సు, రిటైరైన పోస్ట్‌మాన్ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. మెషీన్ ఎవరిదీ కాదు. గంటల లెక్కన బుక్ చేసుకుంటారు. డబ్బు కట్టలేని వాళ్ళు వారానికి కొన్ని గంటలు గది చూసుకుంటే, ఆ మేరకు ప్రెస్సు వాడుకోవచ్చు.

ఆ గదిని నడిపేది ఒకే ఒక్క ఆవిడ. వయసు యాభై దాటి ఉంటుంది, గోళ్ళ చుట్టూ చెరగని నలుపు. ఆమె చేసే పని చూస్తూ ఆ పూట గడిపేశాను. పొద్దున బడిపిల్లల గుంపు వస్తే, వాళ్ళ చేత అచ్చు వేయడానికి లినోలియం ముక్కలు చెక్కించింది. మధ్యలో గ్రాంటు కాగితాల కోసం ఫోను. ఎచింగ్ ప్రెస్సు మీద పరిచే ఉన్ని దుప్పటి ఒకటి గట్టిపడితే దాన్ని తీసి ఉతకడానికి పెట్టింది. నూనె సిరా తుడిచిన గుడ్డలన్నీ ఏరి, మూత ఉన్న ఎర్ర ఇనప డబ్బాలో వేసింది. అవిసెనూనె పీల్చిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట. మా అచ్చాఫీసులో కిరసనాయిలు గుడ్డలు ఎక్కడివక్కడే మూలన పడి ఉండేవి. ఇక్కడ కిరసనాయిలూ లేదు. వంటనూనెతో సిరా కరిగించి, ఆ తర్వాతే సబ్బునీళ్ళు.

మా ఊరు పేరు అడిగింది. చిత్తూరన్నాను. "కృష్ణారెడ్డి గారి ఊరా?" అంది.

నిజంగానే కాసేపు నోట మాట రాలేదు. 1925లో మా జిల్లాలోని నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ గారి అచ్చుగది అటెలియే 17లో పనిచేసి, 2018లో న్యూయార్క్‌లో పోయిన అచ్చుచిత్రాల కళాకారుడు కృష్ణారెడ్డి. ఒకే రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి అచ్చేసే పద్ధతిని కైకో మోటీతో కలిసి కనిపెట్టినవాడు. చిత్తూరులో నా చిన్నప్పుడు ఆయన పేరు ఎవరూ ఎత్తగా వినలేదు, మెషీన్ల మధ్యే బతికిన మా నాయనతో సహా.

ఆవిడ చేతిలో పనులన్నీ ఆపి నాకు ఆయన పద్ధతి చేసి చూపించింది. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి ఉంచింది. ముందు గీతల్లోకి నల్ల సిరా అద్ది, పైపైన తుడిచింది. తర్వాత ఎర్ర సిరాలో నూనె బాగా కలిపి పల్చన చేసి, గట్టి రోలరుతో దొర్లించింది. అది ఎత్తుగా ఉన్న చోట్లనే తాకింది. ఆ వెంటనే నూనె తగ్గించిన చిక్కటి నీలం, మెత్తటి రోలరుతో. రోలరు పల్లంలోకి దిగి నీలం అంటించింది కానీ, పక్కనే ఎర్రగా ఉన్న చోట చుక్క కూడా అంటలేదు. నూనె ఎక్కువైన పెనం మీద దోసెపిండి పరుచుకోదు చూడండి, అలాగ. తడిపి, పైనీళ్ళు ఒత్తి తీసేసిన కాగితం రేకు మీద పరిచి చక్రం తిప్పింది. ఒక్కసారికే మూడు రంగులూ వచ్చేశాయి. శుభలేఖలో ఎరుపు, పసుపు రావాలంటే మేం రెండుసార్లు మెషీను ఎక్కించేవాళ్ళం, రెండో రంగు గుర్తు తప్పి పక్కకు పడితే నాయన కోపం పట్టలేకపోయేవాళ్ళం.

ఇలాంటి గదులు మొదలైన కథ కూడా ఆవిడే చెప్పింది. 1937లో న్యూయార్క్‌లోని హార్లెంలో ప్రభుత్వ డబ్బుతో కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ తెరిచారు, శిల్పి అగస్టా సావేజ్ దాని తొలి డైరెక్టరు. అక్కడ రీవా హెల్ఫాండ్ దగ్గర రాతి మీద అచ్చు నేర్చుకున్న నల్లజాతి కుర్రాడు రాబర్ట్ బ్లాక్‌బర్న్. 1940ల చివర్లో న్యూయార్క్‌లో సొంతంగా అచ్చుగది పెట్టి, వచ్చినవాళ్ళను కాదనకుండా నడిపాడు. 2003లో ఆయన పోయాడు, ఆయన పేరుతో వర్క్‌షాప్ మాత్రం ఇప్పటికీ ఉంది. నేర్చుకున్న చోటు మూతపడినా, నేర్చుకున్నవాడు ఇంకో చోటు తెరిచాడన్న మాట.

భోజనాల దగ్గర మళ్ళీ ధరల గొడవ. కాఫీ, ఒక చిన్న బ్రెడ్డుముక్క కలిపి మన దగ్గర నలుగురు కడుపునిండా తినే డబ్బు. నేను డబ్బాలో తీసుకెళ్ళిన పులిహోర ఆవిడతో పంచుకున్నాను.

మధ్యాహ్నం పుస్తకాల కుట్టు. దబ్బనంతో రంధ్రాలు, దారానికి మైనం, వెన్నుకు గంజి. చేతులకి అన్నీ గుర్తున్నాయి. పురుగు పట్టకుండా మేం గంజిలో మైలుతుత్తం కలిపేవాళ్ళమని చెబితే ఆవిడ పుస్తకంలో రాసుకుంది.

అందరూ వెళ్ళిపోయాక టైపు విప్పడం మొదలుపెట్టింది. అంటే, అచ్చు అయిపోయిన ఫారంలోని (బిగించి పేర్చిన పేజీలోని) ఒక్కో అక్షరాన్నీ తీసి, కేసులో దాని గదిలో వేయడం. ఇంగ్లీషు కేసుకు 89 గదులు. నేనూ కూర్చున్నాను. ఒక 'ఎన్' తప్పు గదిలో పడితే రేపు వచ్చినవాడి పని చెడుతుంది, అందుకే దీన్ని కొత్తవాళ్ళకు వదలనని చెప్పింది. ఇలా రోజూ సర్దే మనిషి ఉండబట్టే ఆ గది బతికుందని నాకు గట్టిగా అనిపించింది. మన దగ్గర ఎవరి అచ్చాఫీసు వాళ్ళది. ఒకరి తర్వాత ఒకరు ఒంటరిగానే మూసుకున్నారు. నలుగురు కలిసి ఒక్క ట్రెడిల్ని ఏ బడిలోనో, గ్రంథాలయంలోనో ఉంచుకుందామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

గుణింతాలు, వత్తులు ఉన్న భాషకు ఎన్ని గదులు కావాలని అడిగింది. వందల్లో ఉంటాయన్నాను. కళ్ళు మెరిశాయి. ఒక్క సెట్టు తెలుగు టైపు ఎక్కడైనా దొరికితే రవాణా ఖర్చు తమదేనని, దాన్ని వాడటం నేర్పడానికి నన్ను మళ్ళీ రమ్మని అంది. చిత్తూరు, మదనపల్లి, తిరుపతి, ఇంకా తెనాలి, విజయవాడ, ఎక్కడైనా సరే, మీ అటక మీద పాత కేసులుంటే దయచేసి తూకానికి వేయకండి. నాకు ఒక్క మాట చెప్పండి. ఒక సెట్టు దొరికితే ఆమెకు పంపుతాను. రెండు దొరికితే రెండోది మన ఊళ్ళోనే ఉండాలి, దానికో గది నేను వెతుకుతాను.